రెండో పూస

ఈ మధ్య స్కానింగ్ టెక్నీషియన్ కోర్సు చెప్పే కాలేజీ ఒకదానికి నన్ను పిలిచారు. పిల్లలకి అనుభవాలు చెప్పమన్నారు. శాలువా కప్పారు, కుండీలో మొక్క ఇచ్చారు. అంతా అయ్యాక వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మేడం, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పొరపాటు ఏంటండి?" అని అడిగింది. "ఇలాంటి మీటింగులకి ఒప్పుకోవడమేనమ్మా" అన్నాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి నవ్వలేదు, కూర్చుంది. రేపల్లె వచ్చే రైల్లో దారంతా ఆ పిల్ల ముఖమే గుర్తొచ్చింది. మంచి ప్రశ్నకి చౌకబారు జవాబు చెప్పి తప్పించుకున్నాను. అసలు జవాబు ఉంది, కాస్త పొడుగు. అందుకే రాస్తున్నాను.

ఇరవై ఏడేళ్ళు నేను రొమ్ము ఎక్స్‌రేలు తీశాను. మామోగ్రామ్ అంటారు. తెనాలిలో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్, దానికి బాపట్లలోనూ రేపల్లెలోనూ చిన్న బ్రాంచీలు. ఇల్లు రేపల్లెలో కాబట్టి పొద్దున రైలుకి తెనాలి వెళ్ళడం, సాయంత్రం రైలుకి ఇల్లు చేరడం. శనివారాలు మాత్రం రేపల్లె బ్రాంచీలోనే డ్యూటీ. ఆదివారం చర్చి. నా జీవితం టైంటేబుల్లో పట్టేంత చిన్నది.

ఆ ఎక్స్‌రే తీయాలంటే రొమ్మును రెండు పలకల మధ్య గట్టిగా నొక్కి పట్టాలి. నొప్పి, పైగా సిగ్గు. జాకెట్ విప్పమనగానే సగం మంది కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. నాది మెత్తటి నోరు కాదు. "ఏడిస్తే ఫోటో కదిలిపోద్దమ్మా. తీశాక ఏడువు, కావాలంటే నేనూ తోడొస్తా" అనేదాన్ని. చాలామంది ఏడుపు మధ్యలోనే నవ్వేసేవాళ్ళు. ఆ క్షణంలో బటన్ నొక్కేదాన్ని.

పలక మీద సర్దేటప్పుడు గడ్డ చేతికి తగులుతుంది. కొన్ని గడ్డలు వేలు పెడితే ఉడికిన బఠాణీలా పక్కకి జారతాయి. కొన్ని జారవు. ఉన్నచోటే గట్టిగా పాతుకుని ఉంటాయి. మొదటి రెండేళ్ళు నాకు తేడా తెలియలేదు. తర్వాత వేళ్ళకే తెలిసిపోయేది. ముక్క తీసి పరీక్షకు పంపిన రిపోర్టులు వచ్చినప్పుడు నా వేళ్ళు చెప్పిందీ అదీ సరిపోల్చుకునేదాన్ని. ఎవరికీ చెప్పకుండా, నాలో నేను.

చెప్పకూడదు కూడా. మా పనిలో మొదటి నియమం అదే. టెక్నీషియన్ ఫోటో తీస్తాడు, జబ్బు పేరు డాక్టరు చెబుతాడు. కొత్తలో ఒకసారి నోరు జారాను. ఒకావిడతో, "కొంచెం గట్టిగా ఉందమ్మా, అశ్రద్ధ చేయొద్దు" అన్నాను. ఆవిడ అక్కడే కళ్ళు తిరిగి పడిపోయింది. వాళ్ళాయన సెంటర్లో పెద్ద గొడవ చేశాడు. చివరికి ఆవిడకి ఏమీ లేదు. మా పెద్ద డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"నీ పనేంటమ్మాయ్?"

"ఫోటో తీయడమండి."

"తియ్యి. నోరు మూసుకుని తియ్యి."

ఆ రోజు నుంచి ఎవరు ఏమడిగినా నా జవాబు ఒకటే. "డాక్టరు గారు చెబుతారమ్మా." ఇరవై ఆరేళ్ళకి పైగా రోజుకి ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. నిద్రలో లేపి అడిగినా అదే వచ్చేది.

ఇక పూసల సంగతి. గడ్డ ఉన్నచోట చర్మం మీద చిన్న లోహపు బిళ్ళ అంటించి ఫోటో తీస్తే అది తెల్లటి చుక్కలా పడుతుంది. డాక్టరు గారికి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. అలాంటి బిళ్ళల్ని తయారుచేసి అమ్ముతారు గానీ, అవి ఎప్పుడూ సమయానికి దొరికేవి కావు. తెనాలిలో మా వీధి చివర సైకిల్ షాపు సాయిబు గారు ఫ్రీవీల్లో వేసే సన్నటి ఉక్కు బాల్స్ డబ్బా నిండా ఇచ్చేవాడు. "ఏం రిపేరమ్మా మీ ఆస్పత్రిలో, ఇన్ని బాల్స్ ఎందుకు?" అని ఆయన ప్రతిసారీ అడిగేవాడు. "ఆడాళ్ళ రిపేరు భాయ్" అనేదాన్ని. ఆయన నాలిక కరుచుకుని డబ్బా నా చేతిలో పెట్టేవాడు. మేము వాటిని పూసలు అనేవాళ్ళం. స్పిరిట్‌తో తుడిచి, ఒక పూస, పైన తెల్ల ప్లాస్టరు ముక్క. అదీ పద్ధతి.

నోరు మూసుకోమన్న రెండేళ్ళకి కొల్లిపర నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్ళు కూడా లేవు. చంకలో పిల్లాడు. గడ్డ చెయ్యి పెడితే కదల్లేదు. ఆ రోజు డాక్టరు గారికి క్యూ చాలా ఉంది, సాయంత్రం ఏదో పెళ్ళికి వెళ్ళే తొందరలో ఉన్నారు. నేను మాట్లాడకూడదు. రాయకూడదు. ఒక పూస పెట్టాను. కాసేపు నిలబడి, దాని పక్కనే రెండో పూస పెట్టాను.

ఫిల్మ్ చూసి డాక్టరు గారు బయటకొచ్చారు. "రెండెందుకు పెట్టావ్?"

"చెయ్యి జారిందండి."

ఆయన నా వంక చూశారు, ఫిల్మ్ వంక చూశారు. లోపలికి వెళ్ళి పెళ్ళి మాట మరిచిపోయి అరగంట కూర్చున్నారు. ఆమెకి ముక్క పరీక్షలో క్యాన్సరే వచ్చింది. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది, బతికింది. ఆ పిల్లాడు ఇప్పుడు లారీ తోలుతున్నాడు.

అప్పటినుంచి మా ఇద్దరికీ అదొక భాష అయిపోయింది. ఒక పూస అంటే, ఇక్కడ గడ్డ ఉంది. రెండు పూసలంటే, ఇది నాకు నచ్చలేదు, ముందు ఇది చూడండి. ఇన్నేళ్ళలో మేము దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఆయన టెక్నీషియన్ మాట విన్నట్టు అవుతుంది, నేను డాక్టరు పని చేసినట్టు అవుతుంది. ఆయన ప్రాక్టీసు మానేసిన రోజున మాత్రం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నీ చెయ్యి జారినప్పుడల్లా నా పరువు నిలబడిందమ్మాయ్" అన్నారు. అది నాకు దక్కిన పెద్ద సర్టిఫికెట్. తర్వాత ఏడాదికే ఆయన పోయారు. ఆ భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అలవాటు కొద్దీ రెండో పూస పెడుతూనే ఉన్నాను. ఆయన కుర్చీలోకి వచ్చిన చిన్న డాక్టరు గారికి దాని అర్థం తెలియదు. నేనూ చెప్పలేదు.

నా సర్వీసు ఇంకో ఏడాది ఉందనగా సెంటర్లోకి కంప్యూటర్ తెలివి వచ్చింది.

చిన్న డాక్టరు గారు మంచి మనిషి, మూడు బ్రాంచీల ఫోటోలూ ఆయనొక్కడే చూడాలి. బాపట్ల ఫోటోలు కంప్యూటర్లో తెనాలికి వచ్చేవి, కొన్నిసార్లు వారం దాకా పడి ఉండేవి. దానికి విరుగుడుగా ఒక ఇంజనీరు కుర్రాడిని తీసుకొచ్చారు. అమృతలూరు పక్క పల్లెటూరి పిల్లాడే. హైదరాబాదులో చదివి, అక్కడే ఉద్యోగం చేసి వచ్చాడు. నన్ను ఆంటీ అనేవాడు. మేడం అనమని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను.

వాడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. "మన తెనాలిలో ఇన్నేళ్ళ ఫోటోలున్నాయి కదా ఆంటీ. ఏ ఫోటో ఆమెకి క్యాన్సర్ వచ్చిందో, ఏ ఫోటో ఆమెకి రాలేదో రిపోర్టుల్లో ఉంది. ఫోటోలూ జవాబులూ కలిపి మిషన్‌కి చూపిస్తాం. తేడా ఏంటో మనం చెప్పం. అదే వెతుక్కుని నేర్చుకుంటుంది. తర్వాత కొత్త ఫోటో ఇస్తే ఎరుపో ఆకుపచ్చో చూపిస్తుంది. ఎరుపు వస్తే డాక్టరు గారు అప్పటికప్పుడు చూస్తారు. ఆకుపచ్చ అయితే తీరిగ్గా చూస్తారు."

"తేడా ఏం నేర్చుకుందో దాన్ని అడగొచ్చా?"

"అది అంత తేలిగ్గా చెప్పదాంటీ."

"మొగుళ్ళ లాంటిదన్నమాట" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు.

ఒకరోజు పాత ఫోటోలు తిరగేస్తూ పిలిచాడు. తెర మీద తెల్లటి చుక్కలు చూపించి, "ఏంటాంటీ ఈ చుక్కలు?" అని అడిగాడు.

"పూసలు. గడ్డ ఎక్కడుందో గుర్తు."

"గుర్తే కదా, ఇంకేం లేదుగా?"

"గుర్తే" అన్నాను.

ఈ మొత్తం కథలో నా తప్పు ఈ ఒక్క మాటలో ఉంది. అబద్ధం చెప్పలేదు. సగం చెప్పి ఆపేశాను. ఎందుకు ఆపానో చాలాసార్లు ఆలోచించాను. చెబితే, ఇన్నేళ్ళు నాకు హక్కు లేని పని చేశానని ఒప్పుకున్నట్టు. చనిపోయిన పెద్దాయన టెక్నీషియన్ చేతి మీద ఆధారపడ్డాడని నలుగురూ అనుకుంటారు. ఇవన్నీ నిజమే. ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పడానికి సిగ్గేస్తుంది. అది నా రహస్యం. ఇంకొకరితో పంచుకోవాలనిపించలేదు.

మిషన్ నేర్చుకుంది. దానికి చూపించకుండా పక్కన ఉంచిన పాత ఫోటోలతో పరీక్ష పెడితే దాదాపు అన్నీ సరిగ్గా చెప్పింది. తెనాలిలో నేను కొత్తగా తీసిన ఫోటోలకీ సరిగ్గా చెప్పింది. శనివారాలు రేపల్లెలో తీసినవాటికీ అంతే. నా చేతికి గట్టిగా తగిలిన ప్రతి గడ్డకీ ఎరుపు. జారిన ప్రతి గడ్డకీ ఆకుపచ్చ. నేను మురిసిపోయాను. నా వేళ్ళు ఇన్నేళ్ళకి నేర్చుకున్నది ఇది మూడు నెలల్లో పట్టేసిందే అని ఇంట్లో కూడా చెప్పుకున్నాను. ఎరుపు చూపించదా మరి! నేను పెట్టిన పూసలే లెక్కపెట్టి నాకే అప్పజెబుతోందని అప్పుడు తెలియలేదు.

బాపట్లలో మామోగ్రామ్ తీసే అమ్మాయి కొత్తగా చేరింది. ఆమెకి పని నేర్పింది నేనే. పలక ఎలా సర్దాలో, ఎలా నొక్కాలో, పూస ఎక్కడ అంటించాలో అన్నీ చెప్పాను. ఒక పూస అంటించమన్నాను. రెండో పూస సంగతి చెప్పలేదు. చేతికి తెలియడానికి ఏళ్ళు పడుతుంది, ఇప్పుడే ఎందుకులే అనుకున్నాను. చాలా నీటుగా, చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. ఏ గడ్డకైనా ఒకటే పూస పెట్టేది.

కొన్ని నెలల తర్వాత ఆ అమ్మాయికి ఏదో పరీక్ష ఉండి వారం సెలవు పెట్టింది. ఆ వారం నన్ను బాపట్ల వెళ్ళమన్నారు. తెనాలిలో రైలు మారి వెళ్ళేదాన్ని. మూడో రోజు, పొద్దున పదకొండు గంటలప్పుడు వేటపాలెం నుంచి ఒకామె వచ్చింది. యాభై ఏళ్ళ లోపు మనిషి, బక్కపలచగా ఉంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. చేతివేళ్ళు కొసలు నల్లగా మాడినట్టున్నాయి, జీడిరసం మరకలు. సంచీలోంచి మా సెంటర్ కవరే తీసి బల్ల మీద పెట్టింది.

"మూణ్ణెల్ల కింద ఇక్కడే తీయించుకున్నానండి. ఏం లేదు, ఆరు నెలలకి రమ్మన్నారు."

"మరి మూడు నెలలకే వచ్చావేంటమ్మా?"

"నాకు బాలేదనిపించిందండి." చెయ్యి చూపించింది. "ఇరవై ఏళ్ళనుంచి పప్పు ఏరతన్నానండి. కళ్ళు మూసుకుని వేలు పెట్టినా మంచి పప్పేదో, పుచ్చు పప్పేదో చెప్తాను. ఇది మంచిది కాదండి మేడం గారూ. మీ కంప్యూటర్ మంచిదన్నాదంట."

ఆ మాటకి నాకు నవ్వూ వచ్చింది, ఎక్కడో కలుక్కుమనీ అనిపించింది. లోపలికి తీసుకెళ్ళి చెయ్యి పెట్టాను. రాయి. చుట్టూ చర్మం కూడా లోపలికి లాగినట్టుంది. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"ఎట్టా ఉందండి?"

"డాక్టరు గారు చెబుతారమ్మా" అన్నాను.

అలవాటు కొద్దీ రెండు పూసలు పెట్టాను. నొక్కి బటన్ వేసే సమయానికి ఆమెకి దగ్గొచ్చింది. ఫోటో చెదిరింది. గడ్డ ఏదో, మామూలు కండ ఏదో తెలియనంతగా అలుక్కుపోయింది. అయినా మిషన్ దానికి ఎరుపు చూపించింది. సరే, మళ్ళీ తీయాలి. ఏసీ పని చేయడం లేదు, ఆమెకి చెమటలు పట్టాయి. మళ్ళీ సర్ది తీశాను. ఈసారి ఫోటో అద్దంలా వచ్చింది. గడ్డ అంచులు ముళ్ళుముళ్ళుగా కనబడుతున్నాయి. ఇంజనీరు కుర్రాడు కాదు, వాళ్ళమ్మ చూసినా భయపడేలా ఉంది.

తెర మీద ఆకుపచ్చ వెలిగింది.

చెదిరిన ఫోటోకి ఎరుపు, స్పష్టమైన ఫోటోకి ఆకుపచ్చ. మిషన్ చెడిపోయిందనుకున్నాను. అప్పుడు చూశాను. రెండో ఫోటోలో తెల్లటి చుక్క ఒకటే ఉంది. చెమటకి ప్లాస్టరు ఊడి రెండో పూస ఎక్కడో రాలిపోయింది. నేలంతా వెతికితే మిషన్ కింద దొరికింది. దాన్ని చేతిలోకి తీసుకుని స్టూలు మీద కూలబడ్డాను.

మళ్ళీ పూస అంటించి మూడో ఫోటో తీసి చూద్దామా అన్న ఆలోచన వచ్చింది. ఆమె ఒంటి మీద అలాంటి పరీక్షలు చేసే హక్కు నాకు లేదు. కంప్యూటర్లో తెనాలి ఫోటోలు తెరిచాను. రెండు చుక్కలున్న ఫోటో, ఎరుపు. ఒక చుక్క ఉన్నది, ఆకుపచ్చ. ఇంకోటి. ఇంకోటి. తర్వాత బాపట్ల ఫోటోలు తెరిచాను. అన్నింటికీ ఒకటే చుక్క. గడ్డ ఎలాంటిదైనా ఒకటే చుక్క. అన్నీ ఆకుపచ్చ. మూడు నెలల కిందటి ఈమె ఫోటో కూడా అక్కడే ఉంది. గడ్డ అప్పుడు చిన్నది, కానీ ఉంది.

మిషన్ గడ్డల్ని చూడటం నేర్చుకోలేదు. నన్ను చూడటం నేర్చుకుంది.

ఇప్పుడు మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ నిమిషంలో నా బుద్ధి ఎంత వంకరగా పోయిందో చెబుతాను. మొదటి ఫోటోకి ఎరుపు వచ్చింది కదా, అది పంపేస్తే చాలు, డాక్టరు గారు ఇవాళే చూస్తారు, ఈమెకి వైద్యం అందుతుంది. బాపట్ల అమ్మాయికి రెండో పూస పెట్టడం నేర్పేస్తే మిషన్ తనంతట తనే సర్దుకుంటుంది. రిటైర్మెంటుకి నాలుగు నెలలే ఉంది. ఎవరికీ తెలియదు. ఇంత చక్కగా అమరింది. తలుపు అవతల ఆమె జాకెట్ హుక్కులు పెట్టుకుంటూ దగ్గుతోంది. ఆ దగ్గు విని నా మీద నాకే అసహ్యం వేసింది.

చిన్న డాక్టరు గారికి ఫోన్ చేసి, "సార్, ఒక ఫోటో పంపిస్తున్నాను. రంగు చూడొద్దు, ఫోటో చూడండి. నేను మధ్యాహ్నం రైలుకి వచ్చి మిగతాది చెబుతాను" అన్నాను. అయిదు నిమిషాల్లో ఆయన తిరిగి ఫోన్ చేశారు. ఆమెని వెంటనే గుంటూరు పంపమన్నారు, మాటలు తడబడుతున్నాయి. కాగితాలన్నీ రాసి ఆమె చేతికిచ్చాను. "పెద్దాసుపత్రికి ఎందుకండి?" అని అడిగింది. నేను ఏమన్నానో మీకు తెలుసు.

మా చర్చిలో ప్రతి ఆదివారం అందరం నిలబడి పాపపు ఒప్పుకోలు చదువుతాం. చిన్నప్పటినుంచీ చదువుతున్నాను. నలుగురితో కలిసి చదివేటప్పుడు ఎంత తేలికో, బాపట్ల నుంచి తెనాలి దాకా రైల్లో కూర్చుని నా సొంత వాక్యం కూర్చుకునేటప్పుడు తెలిసింది. పొన్నూరు దాటేదాకా మొదటి మాటే దొరకలేదు.

గదిలో డాక్టరు గారూ, ఇంజనీరు కుర్రాడూ ఉన్నారు. పూస తీసి బల్ల మీద పెట్టి, కొల్లిపర ఆమె దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. కుర్రాడి ముఖం పాలిపోయింది.

"నేను అడిగానాంటీ. ఆ రోజు ఈ చుక్కలేంటని అడిగాను."

"అడిగావు బాబూ."

"మరి?"

"సగమే చెప్పాను."

వాడు కంప్యూటర్ ముందుకు జరిగి ఏదో చేశాడు. మిషన్ ఎక్కడ చూసి నిర్ణయానికి వచ్చిందో ఆ చోటు తెర మీద మెరిసేలా చూపించే పద్ధతి ఒకటి ఉందట. ముందే చేసి చూసుకోవాల్సిందని తనలో తాను గొణుక్కున్నాడు. వేటపాలెం ఆమె ఫోటో పెట్టాడు. గడ్డ మీద ఏ మెరుపూ లేదు. పూస ఉన్న చోట మాత్రం దీపం పెట్టినట్టు వెలుగుతోంది. వాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

డాక్టరు గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "ఇన్నేళ్ళు మీరూ పెద్దాయనా కలిసి... నాకొక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదమ్మా?" అని అరిచారు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి ఆయనే వచ్చి కూర్చున్నారు. "ఆ ఫోటో మూడు నెలల కింద నేను చూశాను. రిపోర్టు మీద సంతకం నాదే. పక్కన ఆకుపచ్చ కనిపించింది, నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. గడ్డ దాకా పోలేదు" అన్నారు. తప్పు ముగ్గురం పంచుకున్నాం గానీ, ఎవరి వాటా కూడా తగ్గలేదు.

ఆ సాయంత్రమే మిషన్ ఆపేశారు. బాపట్లలో ఆకుపచ్చ వచ్చిన ఫోటోలన్నీ డాక్టరు గారు మళ్ళీ మొదట్నుంచీ చూశారు. కొంతమందిని పిలిపించాం. ఇద్దరికి ముక్క పరీక్ష దాకా వెళ్ళాల్సి వచ్చింది. దేవుడి దయ, ఇద్దరికీ ఏమీ లేదు. ఆ దయ వేటపాలెం దాకా రాలేదు. ఆమెకి అప్పటికే చంకలోకి పాకింది. ఆ మూడు నెలల్లోనే పాకిందా, అంతకుముందే పాకి ఉందా అన్నది ఎవరూ చెప్పలేరని గుంటూరులో డాక్టర్లు అన్నారట. నన్ను ఓదార్చడానికి మా సార్ ఆ మాట చాలాసార్లు చెప్పారు. నేను ఒక్కసారి కూడా ఓదారలేదు.

కుర్రాడు పారిపోలేదు, అందుకు వాడంటే నాకు గౌరవం. నెలల తరబడి కూర్చుని పాత ఫోటోల్లో పూసలన్నీ చెరిపేసి మిషన్‌కి మళ్ళీ మొదటినుంచీ నేర్పాడు. ఈసారి అది మునుపటంత గొప్పగా చెప్పలేదు. తడబడింది, తప్పులు చేసింది. "ఇప్పుడు నిజంగా గడ్డ వంక చూస్తోందాంటీ, అందుకే కష్టపడతంది" అన్నాడు. మళ్ళీ వాడుకలోకి తెచ్చేముందు టెక్నీషియన్ నింపే కాగితంలో ఒక గడి కొత్తగా పెట్టించాడు. చేతికి ఎలా తగిలింది? మాటల్లో రాయాలి. నా చివరి నెలంతా ఆ గడి నింపాను. బాపట్ల అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, తన చెయ్యి నా చేతి కింద పెట్టి నేర్పాను. వెనక బెంచీ అమ్మా, ఇదీ నా పెద్ద పొరపాటు. పూస పెట్టడం కాదు, దాని అర్థం దాచుకోవడం.

ఇంకొక్క సంగతి రాస్తే అయిపోతుంది. దీన్ని ఆ కాగితంలో ఏ గడిలోనూ రాయలేదు.

ఆమెకి ఆపరేషన్ చేసి ఒక రొమ్ము తీసేశారు. ఆ తర్వాత రెండేళ్ళకి కొంచెం తక్కువ బతికింది. ఆపరేషన్ అయిన రెండు నెలలకి, మందులు ఎక్కిస్తున్న రోజుల్లో, నేను వేటపాలెం వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు. వెళ్ళొద్దనే అన్నారు. ఇంట్లో ఒక్కతే ఉంది. తలకి తువ్వాలు కట్టుకుని చాప మీద కూర్చుంది. నన్ను గుర్తుపట్టి, "రా అక్కా" అంది. మేడం గారూ అన్న పిలుపు పోయింది. మంచినీళ్ళు ఇవ్వడానికి లేవబోతే ఆపి, ఆమె ఎదురుగా కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పాను. పూస కూడా చూపించాను.

దాన్ని ఆ నల్లటి వేళ్ళ మధ్య పెట్టుకుని దొర్లించి చూసింది. "ఇదొకటి పెడితే మంచిగడ్డ, రెండు పెడితే చెడ్డగడ్డా?"

"అవునమ్మా."

"ఆ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, పాత డాక్టరు గారికీ."

"మాకు?"

నాకు అర్థం కాలేదు.

"నీ చేతి కిందికి ఎంతమంది ఆడాళ్ళం వచ్చుంటాం అక్కా. నీ చేతికి తెలిసింది డాక్టరుకి పూస పెట్టి చెప్పావు. మిషన్‌కీ తెలిసింది. గడ్డ మాది గదా. మాలో ఒక్కదానికన్నా నోటితో చెప్పావా? ఆ రోజు ఎట్టా ఉందని నేను అడిగానుగా?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. మిషన్ గురించి, పూసల గురించి, పెద్దాయన పరువు గురించి నేను రైల్లో కూర్చుకున్న జవాబులు ఏవీ దీనికి పనికిరావు. ఏడుపు వచ్చింది. ఏడ్చాను.

ఆమె లేచి తలుపు గడియ పెట్టింది. పైట తీసి, హుక్కులు విప్పింది. ఒక వైపు కుట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని మిగిలిన రొమ్ము మీద పెట్టింది.

"చూడు. చూసి చెప్పు. డాక్టరు గారు చెబుతారు అనమాక."

నేను చూశాను. తొందర లేకుండా, చుట్టూ, కింద, చంకలోకి, మళ్ళీ ఇంకోసారి. అంత శ్రద్ధగా సర్వీసులో కూడా ఎవరినీ చూసి ఉండను. నోరు తెరిచాను. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"నా చేతికి ఏమీ తగల్లేదమ్మా" అన్నాను. "నా చెయ్యే చివరి మాట కాదు, ఫోటో తీయించుకోవాలి. కానీ నా చేతికైతే ఏమీ తగల్లేదు. మెత్తగా ఉంది. బాగుంది."

ఆమె నా చెయ్యి వదల్లేదు. అక్కడే అదిమి పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఇంతేగా అక్కా" అంది. "ఈమాత్రం మాటకి ఇన్నేళ్ళు పట్టిందా?"